వరండా గొలుసు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వరండా స్తంభం వద్ద వేంచేసి ఉన్న ఇనుప గొలుసు గారి దివ్యసముఖానికి,

నెల్లూరు నుంచి మీ ఇంటివారు విన్నవించుకునేది ఏమనగా, ఉభయకుశలోపరి. మీరు క్షేమమని వేరే చెప్పనక్కరలేదు. ఈ ఇంట్లో మా కుక్క టైగర్ పంటిగాటు పడని వస్తువు మీరొక్కరే. మీ మీద మా పెదనాన్నకు ఉన్న గౌరవానికి కారణం కూడా అదేనని నా అనుమానం.

మిగతావారి క్షేమసమాచారాలు వినండి. పెదనాన్న తోలు చెప్పుల్లో ఎడమది కాలం చేసింది, కుడిది మిగిలింది. టీవీ రిమోట్‌కు కొన్ని అంకెలు లేవు కాబట్టి, ఉన్న అంకెలతో వచ్చే ఛానెళ్లే చూస్తున్నాం. అన్నిటికన్నా బాధపెట్టింది ఉదయగిరి చెక్క గరిటె. భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పనితనం అది. ఏళ్ల తరబడి చేపల పులుసు కలిపి కలిపి ఆ చెక్కకు పులుసు వాసన పట్టింది. దాంతో మా టైగర్‌కు అది గరిటెలా కాక, కాడ ఉన్న చేపముక్కలా కనిపించి ఉంటుంది. కాడ చివరి నుంచి గుంట అంచు దాకా ఒకే లోతులో, ఒకే వరుసలో పంటిగాట్లు పెట్టాడు. మధ్యలో ఒక్కచోటైనా గాటు తప్పలేదు. చెక్కిన చేతికి దీటుగా కొరికిన నోరు!

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అంటారు. మా ఇంట్లో ముందు చెప్పుకే కుక్కకాటు. ఆ తర్వాత పెదనాన్న తీర్పు: "వాణ్ణి గొలుసుకు కట్టేయమ్మా, వాడే దారికొస్తాడు."

అలా టైగర్ మీ బడిలో చేరాడు. ఎనిమిది నెలల వయసు. 28 పాలపళ్లు ఊడిపోయి 42 గట్టిపళ్లు వచ్చేశాయి. అంటే చిగుళ్ల సలుపుతో కొరికే వయసు దాటింది. ఇప్పుడు కొరికేది పొద్దుపోక. పరుగెత్తడానికి, వాసన చూడడానికి, తవ్వడానికి పుట్టిన ఒంటికి మీ గురుకులంలో దొరికే పాఠ్యాంశాలు మూడు: గేటు, మునగచెట్టు, ఆ చెట్టు మీద వాణ్ణి వెక్కిరించే ఉడుత. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇవే. మూడో పాఠానికల్లా వాడు స్తంభం పక్కనున్న తలుపు చట్రం మొదలుపెట్టాడు. అది కూడా అయిపోయాక తన ముంగాలినే నాకి నాకి పుండు చేసుకున్నాడు. ఫలితాల విషయంలో మీ విద్యాసంస్థకు వంక పెట్టలేం.

సాయంత్రం మిమ్మల్ని విప్పగానే పగలంతా అణచిపెట్టిన పరుగు వడ్డీతో సహా వసూలవుతుంది. సోఫా మీద నుంచి మంచం మీదికి, అక్కడి నుంచి ఆరేసిన బట్టల మీదికి. అప్పుడు పెదనాన్న, "చూశావా, విప్పితే ఏమవుతుందో!" అంటారు. మళ్లీ మీరే గతి. రోగం మీరే పెట్టి మందు కూడా మీరే అమ్ముకోవడం మంచి వ్యాపారమే.

మీ ప్రస్తావన చట్టంలో కూడా ఉందని మీకు తెలుసా? జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960, సెక్షన్ 11. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన దానితోనో జంతువును గంటల తరబడి అన్యాయంగా కట్టేసి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉండే కుక్కను యజమాని తగినంతగా తిప్పకపోవడం కూడా నేరమే. మొదటిసారికి జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా 50 రూపాయల దాకా. ఈ మొత్తం వినగానే పెదనాన్న భయం పూర్తిగా పోయింది. ఆ డబ్బుకు ఆయన ఎడమ చెప్పుకు కనీసం పట్టీ కూడా రాదు.

మీ అనుచరుల వాదన ఇంకొకటి ఉంది: "తప్పు చేశానని దానికి తెలుసు, ఆ మొహం చూడు!" చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, ఓరచూపు చూసే మొహమే కదా. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త ఈ మొహాన్నే పరీక్షకు పెట్టారు. కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ మొహానికి సంబంధం లేదు. యజమాని తిడితే చాలు, ఏ పాపమూ ఎరగని కుక్క కూడా అదే మొహం పెట్టింది. పొద్దున కొరికిన చెప్పుకు మధ్యాహ్నం పడే దెబ్బ దేనికో టైగర్‌కు తెలియదు. పెదనాన్న వచ్చినప్పుడు చెయ్యి లేస్తుందని మాత్రం తెలుసు.

ఇక మీ పోటీదారుల సంగతి. వారికి మీలాంటి బరువు, గాంభీర్యం లేవు. ఒకరు పాత అట్టపెట్టె. అందులో ఉండచుట్టిన వార్తాపత్రికలు, వాటి మధ్య చెదరగొట్టిన రొట్టెముక్కలు. వెతుక్కుని తినేసరికి టైగర్ ముక్కూ బుర్రా అలిసిపోయి వరండాలో వెల్లకిలా పడుకుంటాడు. ఇంకొకరు గుడ్డు కలిపిన అన్నం కూరి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన రబ్బరు బొమ్మ. దాన్ని నాకడంలోనే మధ్యాహ్నం సగం గడిచిపోతుంది. ఆడుకోవడానికి పాత చెప్పు ఇవ్వడం మాత్రం మానేశాం. పాతది కొరకొచ్చు, కొత్తది కొరకకూడదన్న ధరల పట్టిక వాడికెవరు చదివి వినిపిస్తారు? నోట పట్టింది లాక్కోవడానికి వెంటపడితే వాడికి అదొక ఆట, అందుకే దానికి బదులు ఇంకా రుచైనది చూపించి మార్పిడి చేసుకుంటున్నాం. ఉడికిన కోడి ఎముకలు, మామిడి టెంకలు చెత్తబుట్టలోకి, బుట్ట తలుపు వెనక్కి. ఉడికిన ఎముక చీలి గుచ్చుకుంటుంది, టెంక పేగుకు అడ్డం పడుతుంది. రెండింటికీ గొలుసు కాదు, పశువైద్యుడు కావాలి. ఫోను ఛార్జరు తీగ అలమరలోకి ఎక్కింది.

అన్నిటికన్నా పెద్ద పోటీదారు నడక. నెల్లూరు ఎండలో పగటిపూట రోడ్డు మీద నడిపిస్తే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరాలి. పెన్న ఒడ్డున ప్రతి గడ్డిపరకనూ వాసన చూడనివ్వాలి. పరుగుతో పాటు ఆ వాసనలు కూడా వాణ్ణి అలసిపోయేలా చేస్తాయి.

తమరి సేవలు పూర్తిగా వద్దనడం లేదు. గ్యాసు బండ తెచ్చే అబ్బాయి వచ్చినప్పుడు ఐదు నిమిషాలు మిమ్మల్నే పిలుస్తాం. మిగతా సమయం మేకుకు వేలాడుతూ విశ్రాంతి తీసుకోండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ ఇంటివారు

తా.క.: తెల్లవారుజామున ఎవరు తిప్పుతారన్న ప్రశ్న వచ్చింది. రోజూ నడవమని డాక్టరు చెప్పినా ఇంట్లోంచి కదలనిది పెదనాన్నే కాబట్టి ఆ బాధ్యత ఆయనకే దక్కింది. నడకకు కొత్త బూట్లు కొన్నాం. ప్రస్తుతం అవి బీరువా మీద ఉన్నాయి.