ఊరి జట్టులో ఊరికి వాటా ఉండాలి

అమెరికాలో నీటి శక్తితో నూలు వడికే యంత్రాలు తొలిసారి విజయవంతంగా నడిచింది రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని పాటకెట్ పట్టణంలో. బ్లాక్‌స్టోన్ నది ఒడ్డున 1793లో కట్టిన శామ్యూల్ స్లేటర్ మిల్లు నేటికీ నిలిచి ఉంది. ప్రభుత్వ ఉపాధి పథకం కింద చిత్తడి నేలలో కట్టి 1942లో తెరిచిన మెక్‌కాయ్ స్టేడియం మాత్రం లేదు. దాన్ని కూల్చిన చోట ఉన్నత పాఠశాల రానుంది. బడి రావడం మంచిదే. అక్కడి బేస్‌బాల్ జట్టు ఊరు దాటిపోయిన తీరే మమ్మల్ని బాధిస్తోంది.

1946లో అక్కడ ఆడిన మైనర్ లీగ్ (అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌కు దిగువ పోటీలు) జట్టు పేరే స్లేటర్స్. ఆ తర్వాత జట్లు వచ్చాయి, పోయాయి. 1970లో మేజర్ లీగ్ జట్టు బోస్టన్ రెడ్ సాక్స్ తన అనుబంధ జట్టును తెచ్చింది. 1977కల్లా ఆ అనుబంధ జట్టు దివాలా తీస్తే, వస్త్ర పరిశ్రమలో సంపాదించి విశ్రాంతి తీసుకుంటున్న బెన్ మోండర్ కొన్నారు. టికెట్ ధరలు అదుపులో ఉంచి, కార్మిక కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చే చోటుగా స్టేడియాన్ని మార్చారు. ఆటగాళ్లు కూర్చునే చోటు ప్రేక్షకుల వరుసల కింద ఉండేది. పిల్లలు ఖాళీ పాల డబ్బాను కోసి, అందులో బంతీ పెన్నూ పెట్టి, తాడుతో కిందికి దించేవారు. కాసేపటికి సంతకంతో బంతి పైకి వచ్చేది.

1981 ఏప్రిల్ 18 రాత్రి న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగర జట్టు రెడ్ వింగ్స్‌తో మొదలైన ఆటను ఆ ఊరు ఎన్నటికీ మరువదు. మామూలుగా 9 ఇన్నింగ్స్‌లో (రెండు జట్లూ తలోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్) ముగియవలసిన ఆట తెల్లవారుజామున 4:07కు, 32 ఇన్నింగ్స్ తర్వాత, 2-2 వద్ద ఆగింది. చలికి తాళలేక ఆటగాళ్లు విరిగిన బ్యాట్లతో మంట వేసుకున్నారు. చివరిదాకా మిగిలిన ప్రేక్షకులు 19 మంది. జూన్ 23న ఆట తిరిగి మొదలైతే 18 నిమిషాల్లో తేలిపోయింది. గెలుపు పరుగు తెచ్చిన డేవ్ కోజా మేజర్ లీగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు. ఆయన పేరు పాటకెట్‌కు కంఠస్థం.

మోండర్ 2010లో కన్నుమూశారు. 2015లో జట్టు వ్యాపారుల బృందం చేతికి వెళ్లింది. కొత్త స్టేడియం కోసం బేరాలు సాగి, 2018లో పొరుగున ఉన్న మసాచుసెట్స్‌లోని వూస్టర్‌తో కుదిరాయి. 2020 సీజన్‌ను కోవిడ్ మింగేయడంతో వీడ్కోలు ఆట కూడా జరగలేదు. తానూ పాత పారిశ్రామిక నగరమే అయిన వూస్టర్ అప్పు చేసి స్టేడియం కట్టింది. దాన్ని తప్పు పట్టలేం. కానీ 2023 చివర్లో ఆ జట్టునూ, పదుల కొద్దీ మైనర్ లీగ్ జట్లున్న ఒక సంస్థకు అమ్ముతున్నట్టు ప్రకటించారు.

ఆ రాత్రి ప్రత్యర్థి అయిన రోచెస్టర్ సంగతి చూడండి. 1957లో దాన్ని నడిపిన మేజర్ లీగ్ మాతృ జట్టు చేతులెత్తేస్తే ఊరి జనం వేల సంఖ్యలో వాటాలు కొని జట్టును సొంతం చేసుకున్నారు. నగరానికి అన్నం పెట్టిన ఫొటో ఫిల్ముల సంస్థ కోడాక్ 2012లో దివాలా రక్షణ కోరింది. జట్టు మాత్రం కదల్లేదు. అది పాటకెట్ కంటే పెద్ద నగరమే, కాదనం. అయినా 2015లో అమ్మకం మాట వచ్చినప్పుడు రోడ్ ఐలాండ్ పాలకులు వాటాల దారి వెదకవలసింది. ప్రజల డబ్బుతో స్టేడియం అడిగే ప్రతి యజమానినీ నగరాలు ముందు జట్టులో వాటా అడగాలి. జట్టు తరలింపుపై ఊరికి ఓటు ఉండాలని ఒప్పందంలోనే రాయించుకోవాలి. వూస్టర్ ఆ మాట ఇప్పుడే ఎత్తాలి.