బురదను చూడటం నిషేధించాలి

అభివృద్ధికి అడ్డుపడే శక్తుల గురించి చాలామంది చాలా రాశారు. ఒక్క శక్తి మాత్రం ఇంతవరకు ఎవరి కంటా పడలేదు. వేసవి చివర గట్టు మీద మూడుకాళ్ల దూరదర్శిని నిలబెట్టి, ఒక కన్ను మూసి, గంటల తరబడి బురదను, అందులో మేసే వలస పక్షులను చూసే పెద్దమనుషులే ఆ శక్తి. పైకి చూస్తే వీళ్లంత నిరపాయమైన జనం లేరు. అరవరు, నినాదాలు రాయరు, దోమలు కుట్టినా కదలరు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

చూస్తే పోయేదేమిటని అమాయకులు అడగవచ్చు. ఎవరూ చూడనంత కాలం చిత్తడి నేల ఖాళీ స్థలం. ఖాళీ స్థలాన్ని పూడ్చవచ్చు, చదును చేయవచ్చు, దాని మీద నిలబడి రిబ్బను కత్తిరించవచ్చు. ఎవడో ఒకడు వచ్చి, నిన్న నలభై ఉల్లంకులు (బురదలో పురుగులు ఏరుకునే పక్షులు), ఇవాళ నాలుగు వందలు అని నోటుపుస్తకంలో రాసుకున్నాడా, ఇక అంతే. ఆ క్షణం నుంచి అది ఖాళీ స్థలం కాదు, నివాసం.

వీళ్లు ఎంచుకునే కాలం చూడండి. ఉత్తర దేశాల్లో ఎండలకు నీరు తగ్గి, పురుగులతో కిటకిటలాడే బురద బయటపడేది వేసవి చివరే. ఉత్తరధ్రువ ప్రాంతాల్లో పిల్లల్ని లేపిన పక్షులు దక్షిణానికి దిగడం మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే. అక్కడి మనుషులకు జూలై ఇంకా నడివేసవి, వాటికి అప్పుడే తిరుగు ప్రయాణం. చాలా జాతుల్లో పెద్దవి ముందుగా వెళ్లిపోతాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు కొన్ని వారాల తర్వాత, దారి చూపే తోడు లేకుండా బయల్దేరతాయి. ఇంత బాధ్యత లేని పెంపకం నేనెక్కడా వినలేదు. పోనీ ఆ పిల్లలు దారి తప్పి మనకో గుణపాఠమైనా చెబుతాయా అంటే అదీ లేదు. 2022 అక్టోబరులో గాడ్విట్ అనే పొడుగుముక్కు పక్షి పిల్ల, అయిదు నెలలది, ఒకటి అలాస్కాలో లేచి, 11 రోజుల పాటు ఎక్కడా వాలకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో దిగింది. ఈ జాతి ప్రయాణానికి ముందు ఒళ్లంతా కొవ్వు పట్టించుకుని, గాలిలో పనిలేని జీర్ణావయవాలను కుదించుకుంటుంది. పొదుపు గురించి ఉపన్యాసాలిచ్చే మనవాళ్లు ఇంకా అంతదాకా రాలేదు. ఆ పిల్ల ఒంటికి ఎవరో చిన్న ట్రాన్స్‌మిటర్ కట్టకపోయి ఉంటే ఈ గొడవంతా మనకు తెలిసేదే కాదు. చూశారా, మళ్లీ చూడటమే కొంప ముంచింది.

బురదలో జరిగే పని దగ్గరనుంచి గమనిస్తే ఇంకా ఇబ్బందికరంగా ఉంటుంది. పెద్ద కళ్ల ప్లవర్ పక్షి నాలుగడుగులు పరుగెత్తి, ఠక్కున ఆగి, పైన కదిలినదాన్ని పొడుస్తుంది. పక్కనే ఉల్లంకి తల ఎత్తకుండా కుట్టుమిషను సూదిలా ముక్కు దించుతూ పోతుంది. పొడుగు ముక్కులవాళ్ల సంగతి మరీ విచిత్రం. ముక్కు మొత్తం తెరవకుండానే, బురద లోపల దాని కొసను మాత్రం తెరిచి పురుగును పట్టుకోగలవు. కాస్త లోతు నీటిలో కొంగ జపం కొంగది. ఎవరి లోతు వారిది, ఎవరి తిండి వారిది. సరిహద్దు రాళ్లు లేవు, కోర్టు కేసులు లేవు. ఇలాంటి దృశ్యాలు పౌరుల మనసుల మీద ఏ ప్రభావం చూపుతాయో వేరే చెప్పాలా?

మా పక్షానికి ఉన్న ఒకే ఒక ఊరట, ఈ చూసేవాళ్లలో ఐకమత్యం లేకపోవడం. వేసవి చివర పెద్ద పక్షుల ఈకలు అరిగి వెలిసి ఉంటాయి, సగం ఊడి సగం కొత్తవి వస్తుంటాయి, పిల్లలవేమో నిగనిగలాడుతుంటాయి. ఒకే జాతి మూడు వేషాల్లో తిరుగుతుంది. పిడికెడంత చిన్న ఉల్లంకి అయిన స్టింట్‌ను పట్టుకుని దాని రకం తేల్చడానికి కాళ్లు నలుపా, పసుపా అని ఇద్దరు పొద్దుగుంకేదాకా వాదించుకోగలరు. కాళ్లకు బురద అంటితే అన్నీ నలుపే. ఈ తగువును అన్ని విధాలా ప్రోత్సహించాలని నా సలహా.

ఎందుకంటే ఏకాభిప్రాయంతో లెక్క తేలితే జరిగేది దక్షిణ కొరియాలో చూశాం. సేమాంగమ్ దగ్గర 33 కిలోమీటర్ల పైచిలుకు సముద్రపు గోడ కట్టి 2006లో అలల రాకను అడ్డుకున్నారు. పెద్ద బురద మైదానం పోయింది. అక్కడ ఆగే వేలాది గ్రేట్ నాట్ పక్షులు పక్క తీరాలకు సర్దుకుంటాయిలే అనుకుంటే సరిపోయేది. ఎంత హాయైన మాట! కానీ లెక్కలవాళ్లు ఊరుకుంటారా? పక్క తీరాలకూ వెళ్లి లెక్కపెట్టారు. తగ్గినన్ని అక్కడ పెరగలేదని తేల్చారు. గోడ బాగా కట్టారన్న ఒక్క మెచ్చుకోలు మాట లేదు.

ఈ విషయంలో సన్నముక్కు కర్ల్యూ అనే పక్షి ఎంతో పెద్దమనసు చూపింది. 1995లో మొరాకోలోని ఒక తీరపు మడుగు దగ్గర కనిపించి, ఆ తర్వాత ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా తప్పుకుంది. పరిహారం అడగలేదు, పునరావాసం కోరలేదు. దాన్నయినా వదిలిపెట్టారా? ఏళ్ల తరబడి దేశదేశాల బురదల్లో వెతికి, చివరకు 2025లో అంతరించిన జాతుల జాబితాలో చేర్చారు. వెతక్కపోతే అది ఇప్పటికీ ఎక్కడో క్షేమంగా ఉన్నట్టే కదా!

ఈ వ్యవహారానికి అంతర్జాతీయ అండ కూడా ఉంది. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రాంసర్‌లో కూర్చుని చిత్తడి నేలలకు ఏకంగా ఒక ఒప్పందమే రాసేశారు. ఇప్పుడు దాని జాబితాలో 2,500కు పైగా స్థలాలున్నాయి. అంటే రిబ్బను కత్తిరించడానికి వీల్లేని చోట్లు అన్ని.

నిషేధం వెంటనే సాధ్యం కాదని నాకూ తెలుసు. అందాకా మధ్యేమార్గంగా చూడటానికి అనుమతించి, లెక్కపెట్టడాన్ని మాత్రం నేరం చేయాలి. అప్పటికీ నోటుపుస్తకం తీసేవాళ్లను స్టింట్ల గుంపు ఎదుట కూర్చోబెట్టి, కాళ్ల రంగు మీద ఏకగ్రీవ తీర్మానం రాసి సంతకాలు చేసేదాకా లేవనివ్వకూడదు.