మామా, ఆ నేలవేము మెసేజ్ గురించి

"ఉదయగిరి కొండ మీది నేలవేము మూడు రోజులు కషాయం కాచుకుని తాగితే, మాత్రలకు లొంగని మొండి మలేరియా కూడా పోతుంది. చైనా శాస్త్రవేత్త ఇలాంటి ఆకుతోనే నోబెల్ కొట్టింది. ల్యాబ్‌లో రుజువైంది. కంపెనీలు తొక్కిపెట్టాయి. ఆకే కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదు."

నెల్లూరులో నేనున్న గ్రూపుల్లో సగానికి పైగా ఈ మెసేజ్ తిరిగింది. చివరిసారి పంపింది మా మేనమామ. నేలవేము మీద నాకు కోపమేం లేదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ముక్కు మూసి మరీ తాగించేది, ఆ చేదు ఇప్పటికీ గుర్తుంది. గొడవంతా ఆ మెసేజ్‌తోనే.

ముందు నోబెల్ సంగతి. ఆ చైనా శాస్త్రవేత్త తూ యూయూకు 2015లో నోబెల్ వచ్చిన మాట నిజం, కానీ ఆ కథ ఈ మెసేజ్‌కే ఎదురు తిరుగుతుంది. వియత్నాం యుద్ధంలో క్లోరోక్విన్ అనే మలేరియా మాత్రకు లొంగని మలేరియా సైనికులను పడగొడుతుంటే, 1967లో చైనా కొత్త మందు వెతకడానికి ప్రాజెక్ట్ 523 మొదలుపెట్టింది. ఆమె బృందం పాత వైద్య గ్రంథాలు తిరగేసి, దాదాపు 200 మూలికల నుంచి 380 దాకా సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించింది. చాలావరకు తుస్సుమన్నాయి. చివరికి పనికొచ్చిన ఆర్టెమిసియా ఆన్యువా అనే మొక్క కూడా మొదట్లో ఒకసారి పనిచేసి ఇంకోసారి చేయలేదు. నాలుగో శతాబ్దపు చైనా వైద్యుడు గె హాంగ్ పుస్తకంలో ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది. కాచమని లేదు. వేడికే మందు చెడిపోతోందేమోనని ఆమెకు అనుమానం వచ్చి, తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీయించింది. 1971 అక్టోబర్‌లో 191వ నమూనా ఎలుకల రక్తంలో క్రిమిని పూర్తిగా తుడిచిపెట్టింది. మనుషులకు ఇచ్చే ముందు ఆ మందును తానే వేసుకుని చూసింది. పొయ్యి ఆర్పాకే దొరికిన మందును చూపించి మనల్ని కషాయం కాచుకోమంటున్నారన్నమాట! పైగా ఆ మొక్క మన వినాయక చవితి మాచిపత్రికి దగ్గర చుట్టం. నేలవేముకు ఏమీ కాదు.

"ల్యాబ్‌లో రుజువైంది" అనేది సగం నిజం. నేలవేము సారం గాజు పాత్రలో మలేరియా క్రిమిని అణిచినట్టు, ఎలుకల్లో తగ్గించినట్టు పరిశోధనలున్నాయి. పాత్రలో బ్లీచింగ్ పౌడర్ వేసినా క్రిమి చస్తుంది. మనం తాగింది అరిగి, రక్తంలోకి ఎంత చేరుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, కాలేయం తట్టుకుంటుందా అన్నవి తేలాలి. ఎలుకకు ఎక్కించేది సాధారణంగా ప్లాస్మోడియం బెర్గై అనే మలేరియా క్రిమిని, మనిషికి వచ్చేది వేరే జాతి. "మొండి మలేరియా" అనాలంటే, మందుకు లొంగే రకం మీదా లొంగని రకం మీదా పక్కపక్కనే పెట్టి చూడాలి. ఆ తర్వాత మనుషుల మీద ట్రయల్స్.

కంపెనీలు తొక్కిపెట్టాయా? ఏడాకుల పాల బెరడు, కటుకరోహిణి, గచ్చకాయ లాంటివాటితో మలేరియా కోసమే ఆయుష్-64 తయారుచేసింది సాక్షాత్తూ కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి. దాన్ని వైవాక్స్ అనే రకం మలేరియా రోగుల మీద క్లోరోక్విన్‌తో పోల్చి చూసి, 2000లో ఫలితాలు ప్రచురించారు. 28వ రోజుకు క్లోరోక్విన్ వేసుకున్నవాళ్లందరికీ నయమైంది, ఆయుష్-64 వేసుకున్నవాళ్లలో దాదాపు సగం మందికే. దీన్ని దాచింది ఎవరు?

"ఆకే కదా" అన్నదానికి ఒక్క మాట: ఉమ్మెత్తదీ ఆకే. ప్రాణాల మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం మలేరియా అయితే కషాయంతో గడిపే ఆ మూడు రోజుల్లోనే జ్వరం మెదడుకెక్కవచ్చు.

ఇంత చెప్పినా మామ ఒప్పుకోలేదు. "నాకు తగ్గిందిరా అబ్బయ్యా, కళ్లారా చూశా. మంగళవారం చలితో వణికిపోయా, కషాయం తాగా, బుధవారం ఒళ్లు చల్లగా ఉంది." వైవాక్స్ జ్వరం తరచూ రోజు మార్చి రోజే వస్తుంది. మంగళవారం మంచినీళ్లు తాగినా బుధవారం అలాగే ఉండేది. "మరి గురువారం?" అన్నా. మామ మాట్లాడలేదు.

"మొదటిసారి మలేరియా వచ్చినప్పుడు ఇచ్చిన ఆ మాత్రలు పనిచేసుంటే మూడు నెలలకు మళ్లీ ఎందుకొచ్చింది?" అన్నాడు కాసేపాగి. ఇది న్యాయమైన ప్రశ్నే. వైవాక్స్ క్రిమి కొంత కాలేయంలో నిద్రపోతుంది. క్లోరోక్విన్ మూడు రోజుల్లో రక్తంలో ఉన్నదాన్ని చంపుతుంది గానీ, ఆ నిద్రపోయేదాని జోలికి పోదు. దానికే ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోమంటారు. గర్భిణులకు ఇవ్వరు, రక్తకణాల్లో జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు డాక్టర్ చూసి చెప్పాల్సిందే. జ్వరం తగ్గగానే మధ్యలో మానేస్తే నిద్రపోయింది లేస్తుంది. జనం దాన్నే మందుకు లొంగని మలేరియా అంటారు.

అత్త లోపలికెళ్లి వెంకటేశ్వరస్వామి పటం వెనక నుంచి పాత మందుల కవరు తెచ్చింది. రోజుకు రెండు చొప్పున 28 ప్రైమాక్విన్ మాత్రలు ఇచ్చుంటారు. మంచం మీద పరిచి లెక్కపెట్టాం. ఇంకా 18 ఉన్నాయి.