పళ్ళను చూసి తేల్చే విషయమా ఇది?

మనిషి సహజంగా శాకాహారి అనీ, మన పళ్ళు, పేగులు శాకాహారానికే తగ్గట్టు ఉన్నాయనీ ఒక వ్యాసంలో చదివాను. ఆ వాదన నాకు మింగుడు పడలేదు. రాతి పనిముట్లతో మాంసం కోసిన గాట్లు 20 లక్షల ఏళ్ళనాటి జంతువుల ఎముకల మీద కూడా దొరికాయి. కత్తి, నిప్పు చేతికొచ్చాక కోరపళ్ళతో పనేముంది?

అలాగని మాంసం తినకపోతే బలం రాదనేవాళ్ళతోనూ ఏకీభవించను. అసలు చిక్కు బి12 విటమిన్ దగ్గరే. దాన్ని తయారుచేసేది బ్యాక్టీరియా. మొక్కల్లో దాదాపు ఉండదు. పాలు, గుడ్లు కూడా మానేస్తే మాత్ర వేసుకోవాల్సిందే, ఇందులో మొహమాటం దేనికి?

ఇక క్యాన్సర్ భయం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కచ్చితమైన కారకమని తేల్చింది సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్డ్ మాంసాన్ని, అంటే ఉప్పు వేసో పొగ పట్టించో నిల్వ ఉండేలా చేసినదాన్ని. చేపనీ కోడినీ కాదు. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

చంపడం ఇష్టంలేక మానేశామనేవాళ్ళకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.