ఆ రోజు నీళ్ల రంగు

ఒడిశాలోని పర్లాకిమిడిలో పెళ్లి వీడియోలు తీసే మామయ్య, వీఎఫ్ఎక్స్ (కంప్యూటర్‌తో సినిమా దృశ్యాలు సృష్టించే పని) నేర్చుకొచ్చిన మేనల్లుడు కలిసి ఓ చిన్న సినిమా తీస్తున్నారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటినప్పటి కథ. లాంతరు పట్టుకుని ఒక తల్లి వరద దాటే షాట్ దగ్గర పేచీ వచ్చింది: ఆ వరదను కంప్యూటర్‌లో చేస్తానంటాడు అల్లుడు. మామయ్య గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ.

మామయ్య: మన మహేంద్రతనయ నది పొంగితే ఎలా ఉంటుందో చూసినవాణ్ణి. తిత్లీకి మన గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు. బొమ్మ నీళ్లు చూపిస్తే వాళ్ల ఇళ్లలో ఏమనుకుంటారు? వానాకాలం దాకా ఆగుదాం.

అల్లుడు: ఆగి, నిజం వరదలో ఆవిణ్ణి దింపుతామా మామయ్యా?

మామయ్య: దింపొద్దు. వరదను గట్టు మీంచి నేను తీస్తా, నువ్వు అతికించు.

అల్లుడు: నీ వరద పగటి వెలుతురులో ఉంటుంది, ఆవిడ లాంతరు వెలుతురులో. కత్తిరించి అంటించినట్టే కనిపిస్తుంది. కంప్యూటర్ నీళ్లయితే కెమెరా కదలికను ట్రాక్ చేసి, లాంతరు ఎక్కడుంటే కంప్యూటర్‌లోనూ అక్కడే దీపం పెడతాను. ఆ వెలుగు అలల మీద పడుతుంది.

మామయ్య: ఆల్బమ్‌లకి వెనక ఆకుపచ్చ గుడ్డ కట్టి తీసి, దాని చోట వేరే దృశ్యం పెట్టినప్పుడల్లా జుట్టు అంచున ఆ పచ్చదనం అంటుకునే ఉండేది.

అల్లుడు: మనిషిని గుడ్డకి మరీ దగ్గరగా నిలబెడితే అంతే. మామూలుగా కెమెరా సెన్సర్లో ఎరుపుకి, నీలానికి ఒక్కో గడి ఉంటే ఆకుపచ్చకి రెండు. అందుకే పచ్చ గుడ్డ మీద అంచు శుభ్రంగా తెగుతుంది. కానీ రాత్రి షాట్‌కి నీలం గుడ్డే కడదాం. కాస్త నీలం అంటుకున్నా చీకట్లో కలిసిపోతుంది.

మామయ్య: వెలుతురు సరే, బరువు సంగతో? నీళ్లు మోకాలికి కొడితే మనిషి ఒరుగుతుంది. కుచ్చిళ్లు ఒక పక్కకే లాగుతాయి. పొడి నేల మీద అది నటించలేదురా.

అల్లుడు: నిజమే, అది నా కంప్యూటర్‌తో కాదు. గుంట తవ్వి టార్పాలిన్ పరిచి, ఒక పక్క నుంచి పంపుతో నీళ్లు కొడదాం. ఆవిడ చుట్టూ నిజం నీళ్లు, వెనక నావి.

మామయ్య: రెండూ కలిసే చోట?

అల్లుడు: కష్టమంతా అక్కడే. నురగ, కొట్టుకొచ్చే కొమ్మలు వేసి అతుకు కప్పాలి. షాట్ కాగానే మెరిసే స్టీలు బంతి, బూడిదరంగు బంతి ఆవిడ నిలబడ్డ చోటే పెట్టి తీయాలి. వెలుతురు ఎటు నుంచి ఎంత పడిందో వాటిలో తెలుస్తుంది.

మామయ్య: బంతులు నేను పట్టుకుంటా. గుంటలో కలపడానికి ఏటిగట్టు మట్టి కూడా తెస్తా. నీళ్ల రంగు మాత్రం నేను చూసి సరే అనేదాకా ఖాయం చెయ్యకు.