తగినంత ఉప్పుపై శ్వేతపత్రం

2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం పెట్టింది. మరుసటేడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలవరం, అమరావతి, కరెంటు అంటూ వరసబెట్టి శ్వేతపత్రాలు వదిలింది. నాది పలనాడు, మా ఆవిడది కరీంనగర్, కాపురం హైదరాబాదులో. రెండు ప్రభుత్వాలూ నిజాలు చెప్పేస్తున్న కాలంలో మా వంటింటి అటక పరిస్థితిని దాచిపెట్టడం నాకు న్యాయంగా అనిపించలేదు. అనిపించకపోవడమంటే, అటక మీది వంటపుస్తకాల కట్ట జారి కందిపప్పు డబ్బా మీద పడి, డబ్బా నేల మీద పడి, మూడు కిలోల పప్పు ఫ్రిజ్ కిందిదాకా పరుచుకున్న రోజున మా ఆవిడకి అనిపించలేదు. ఆ సంగతి ఆవిడ నాకు గట్టిగా చెప్పింది.

వెంటనే ఏకసభ్య కమిషన్ ఏర్పాటైంది. ఆ సభ్యుణ్ణి నేనే. గడువు ఒక్క ఆదివారం. తర్వాత నాలుగుసార్లు పొడిగించుకున్నాను. కమిషనన్నాక అది ఆనవాయితీ.

తేలిన లెక్క ఇది: అచ్చు పుస్తకాలు 58, చేతిరాత నోటుపుస్తకాలు 2, డైరీ 1, వెరసి 61. ఇవిగాక ఒక మిఠాయి డబ్బా నిండా పేపరు కటింగులు. ఒక కటింగుకి ముందువైపు గుత్తివంకాయ కూర, వెనకవైపు 1998 నాటి కలర్ టీవీ ప్రకటన. ఏ వైపు కోసం దాచుకున్నామో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

మా ఇంట్లో వంట నాది. మా ఆవిడ కాలేజీలో పాఠాలు చెబుతుంది, పొద్దున్నే ఏడున్నరకి బస్సెక్కాలి. నేను బ్యాంకులో స్వచ్ఛంద విరమణ తీసుకున్నవాణ్ణి. మగవాడు గరిటె పట్టడమేంటని మా బాబాయి నొచ్చుకుంటే నలభీముల పేరు చెప్పి నోరు మూయించాను. తర్వాత తీరిగ్గా కూర్చుంటే తట్టింది. ఆ ఇద్దరూ పాచికల పుణ్యమా అని గరిటె పట్టినవాళ్ళే! నలుడు తనే ఆడి, రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడై ఋతుపర్ణుడి కొలువులో చేరాడు. భీముడు అన్నగారు ఆడిన ఆటకి వలలుడై విరాటుడి వంటింట్లో తేలాడు. ఈ రెండో భాగం బాబాయికి చెప్పలేదు. నలుడి పేరు మీద పాకదర్పణమని సంస్కృతంలో ఒక గ్రంథం చలామణీలో ఉంది గానీ, వలలుడు పుస్తకం తెరిచి చూసుకుంటూ వండాడని తిక్కన గారు ఎక్కడా రాయలేదు.

కమిషన్ మొదట మారీ కోండో అనే జపాన్ ఆవిడ పద్ధతి పాటించింది. ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకోవాలి. మనసులో సంతోషం మెరిస్తే ఉంచుకోవాలి, లేకపోతే దండం పెట్టి సాగనంపాలి. తీసుకున్నాను. 61కి 61 మెరిశాయి. సంతోషం లేకుండా డబ్బులు పెట్టి కొంటానా? అసలు వంటపుస్తకం కొన్నప్పుడు కలిగే సంతోషం వండితే కలగదు. కొన్న రోజున అందులోని నూట ఎనభై వంటలూ నాకు వచ్చేసినట్టే ఉంటుంది, ఒక్క గిన్నె కడగక్కర్లేదు. ఈ పద్ధతి మనకి అచ్చిరాదని తేల్చి, కమిషన్ ఒక స్వదేశీ పరీక్ష కనిపెట్టింది. దాని పేరు మరక పరీక్ష. పుస్తకం తెరవగానే పసుపో, నూనో, చింతపండు పులుసో కనిపిస్తే అది వంటపుస్తకం. తళతళలాడుతుంటే బొమ్మల పుస్తకం.

మరకలు అయిదింటికి దొరికాయి. అందులో చైనా వంటల పుస్తకం మీదున్నది టీ గ్లాసు అడుగు మరక అని ఫోరెన్సిక్ పరిశీలనలో, అంటే మా ఆవిడ ఒక చూపు చూశాక, తేలిపోయింది. నాలుగు మిగిలాయి. రెండో నోటుపుస్తకం నాదే. మొదటి పేజీలో ‘నా వంటలు’ అని రాసి, దాని కింద శ్రీరామ చుట్టి ఉంది. మిగతాదంతా శ్వేతపత్రమే.

నాలుగింటిలో మొదటిది మాలతీ చందూర్ గారి వంటలు-పిండివంటలు. మా అమ్మది. అట్ట ఊడిపోతే పాత పంచాంగం అట్ట అతికించింది, అందుకని ఇంటికొచ్చినవాళ్ళు అప్పుడప్పుడూ దాంట్లో వర్జ్యం వెతుకుతుంటారు. పులిహోర పేజీ నూనె తాగి తాగి అద్దంలా తయారైంది. ఇవతల పక్క చదువుతుంటే అవతలి పేజీ అక్షరాలు కూడా కలిసి కనిపిస్తాయి. ఒక శ్రీరామనవమికి మా ఇంట్లో పులిహోరలో యాలకుల పొడి పడటానికి కారణం అదే.

రెండోది ప్రెషర్ కుక్కర్‌తో ఉచితంగా వచ్చిన చిన్న పుస్తకం. నేను నమ్మేది దీన్నే. ఇందులో కవిత్వం లేదు. ఏ పప్పుకి ఎన్ని నీళ్ళు, ఎన్ని నిమిషాలు, అంతే. వాషర్ ఎప్పుడు మార్చాలో కూడా ఉంది. మిగిలిన 57 అచ్చు పుస్తకాల్లోనూ వాషర్ ప్రస్తావన తెచ్చిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

మూడోది మా నాయనమ్మ చెబుతుంటే మేనత్త రాసిన నోటుపుస్తకం. దీనివల్ల జరిగిన అనర్థాన్ని వివరంగా నమోదు చేయడం కమిషన్ బాధ్యత.

పెళ్ళయ్యాక మొదటి సంక్రాంతి. అరిసెల దగ్గర ‘శేరు బెల్లం’ అని ఉంది. శేరంటే ఎంతో నాకు తెలీదు. మా ఆవిడ వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. “శేరంటే ఎనభై తులాలు బిడ్డా, గంత గూడ తెల్వదా” అంది అత్తయ్య. తులమంటే పదకొండు గ్రాముల చిల్లర. లెక్క కడితే 933 గ్రాములొచ్చింది. పాకం పట్టాను, పిండి కలిపాను, నూనె కాగింది. మొదటి అరిసె కాసేపు అరిసెలాగే ఉంది. తర్వాత అంచులు వదిలాయి, నడిమధ్య తూటు పడింది, చూస్తుండగానే విచ్చిపోయి బాండలి నిండా నల్లటి నురగైంది. రెండోది దాని వెంటే వెళ్ళింది. మూడోదాన్ని జాగ్రత్తగా చట్రంలో పెట్టి దించాను. చట్రం ఒక్కటే పైకొచ్చింది.

ఊరికి ఫోన్ చేస్తే మేనత్త నవ్వాపుకోలేక చెప్పింది: “శేరంటే ఇరవై నాలుగు తులాలురా పిచ్చోడా! అయిదు శేర్లయితే వీశె.” అంటే 280 గ్రాములు. మద్రాసు వైపు శేరు వేరు, నైజాం శేరు వేరు. మూడింతలకి పైగా బెల్లం పోశానన్నమాట. 1956లో రెండు ప్రాంతాల్నీ కలిపి ఆంధ్రప్రదేశ్ చేశారు. ఆ ఏడే తూనికలు కొలతల చట్టం వచ్చి శేర్లకీ వీశెలకీ చీటీ చింపింది. పెద్దమనుషులు కూర్చుని ఒప్పందం కూడా రాసుకున్నారు, ఏ శేరుతో అరిసెలు వండాలన్న ముక్క మాత్రం అందులో పెట్టలేదు. 2014లో రాష్ట్రం విడిపోయేనాటికి కూడా మా ఇంట్లో ఆ పంచాయితీ తేలలేదు. ఇప్పటికీ ఏదన్నా మోతాదు మించితే, కారం గానీ మాట గానీ, ‘నైజాం శేరు పడింది’ అనుకుంటాం. అత్తయ్య ముందు అనం.

నాలుగోది మా ఆవిడ డైరీ. సర్వపిండి పేజీలో ఆరంటే ఆరు ముక్కలు: బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, కారం, సర్వ, సన్నమంట. సర్వంటే వాళ్ళ వైపు గిన్నె. నీళ్ళెన్నో లేదు. ఉప్పు ఊసే లేదు. గిన్నెకి ఒత్తిన పిండిలో వేలితో బొక్కలు పెట్టాలని, బొక్కల్లో నూనె చుక్కలు వెయ్యాలని ఎక్కడా లేదు. అడిగితే, “పిండి ఒత్తినంక వేలు దానంతటదే పోతది” అంది. ఇంతకంటే పొదుపుగా రాసిన వంటకం కమిషన్ దృష్టికి రాలేదు. దాన్ని చదివి వండగలిగింది రాసినావిడ ఒక్కతే.

అచ్చు పుస్తకాల సంగతికొస్తే, ఒక్క విషయంలో వాటన్నిటికీ ఏకాభిప్రాయం ఉంది. ఉప్పు: తగినంత. ఎంత గొప్ప మాట! కూర కుదిరితే పుస్తకం గొప్పది, చెడితే నీకు తగినంత తెలియలేదు. ఎన్నికల మేనిఫెస్టోలు రాసేవాళ్ళకి ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాదు. ‘రైతులకు తగినంత రుణమాఫీ’ అని రాసేస్తే ఎవడు అడగొచ్చాడు? ఆ తర్వాత ‘నిమ్మకాయంత చింతపండు’. మా వీధి చివర బండి మీది నిమ్మకాయా, గోలీకాయంత ఉండే వేసవి నిమ్మకాయా? ‘దోరగా వేయించి’ అన్నది మరీ ప్రమాదం. మా పొయ్యి మీద దోరకీ మాడుకీ మధ్య దూరం ఒక ఫోన్ కాల్.

డాలస్ నుంచి మా అమ్మాయి ఒకరోజు, “నాన్నా, తగినంత అంటే ఎన్ని గ్రాములు?” అనడిగింది. గ్రాములో పదో వంతు కూడా చూపించే కాటా కొనుక్కుందట.

“నోట్లో వేసుకుని చూడమ్మా, తెలుస్తుంది.”

“నోట్లో వేసుకునేసరికే ఉప్పు వేసేసి ఉండాలి కదా. ముందు ఎంత వెయ్యాలి?”

న్యాయమైన ప్రశ్న. లైను సరిగా లేదని పెట్టేశాను.

చిరుధాన్యాల గురించి క్లుప్తంగా చెబుతాను, పాత గాయం కనుక. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. నేను మూడు పుస్తకాలు, అయిదు డబ్బాలు కొన్నాను: కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు. పలనాట జొన్నలే తప్ప సన్నన్నం సున్న అని శ్రీనాథుడు చాటువు చెప్పి మా వాళ్ళని వెక్కిరించాడంటారు. 1967లో సాగర్ నీళ్ళు వదిలాక గానీ మా తాత చేలో వరి పండలేదు. జొన్న నుంచి వరికి రావడానికి మా వంశానికి అయిదు వందల ఏళ్ళు, ఒక ఆనకట్ట పట్టాయి. వెనక్కి పోవడానికి 499 రూపాయల పుస్తకం చాలనుకున్నాను. కొర్రలకి పురుగు పట్టింది. పురుగు మాత్రం మంచి ఆరోగ్యంగా ఉంది.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది వేరే లెక్క. కేంద్ర ప్రభుత్వం జరిపిన 2014 నాటి ఎస్ఆర్ఎస్ (శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్) బేస్‌లైన్ సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో 98 శాతం పైగా మాంసాహారులే. నా 58 పుస్తకాల్లో మాంసం ఊసు ఉన్నవి 19. అందులోనూ పదకొండింటిలో అది చిట్టచివరి అధ్యాయం, ‘ఇతరములు’ పక్కన, ఊరవతల ఇల్లు కట్టుకున్నట్టు. అక్కడ కోడికూర, కోడివేపుడు, మళ్ళీ ఇంకో కోడికూర. తలకాయ కూర లేదు, బోటీ లేదు, ఎండుచేపల పులుసు లేదు. పనీరు మాత్రం 41 పుస్తకాల్లో ఉంది. మా నాయనమ్మ పోయేదాకా పనీరంటే పెళ్ళిలో చల్లే పన్నీరే అనుకుంది. ఇన్ని పుస్తకాలు ఎవరి వంటిల్లు చూసి రాశారో తెలుసుకోవడానికి ఇంకో కమిషన్ వెయ్యాలి. దాని సభ్యత్వం నాకొద్దు.

ఇక నా వంటశైలి. పుస్తకానికి నూట ఎనభై చొప్పున వేసుకున్నా నేను 10,440 వంటలకి ఆసామిని. పోయిన వారం వండినవి చూద్దాం. సోమవారం తోటకూర పప్పు, మంగళవారం టమాటా పప్పు, బుధవారం దోసకాయ పప్పు, గురువారం బుధవారం పప్పు, శుక్రవారం పాలకూర పప్పు, శనివారం గుడ్ల పులుసు, ఆదివారం కోడి. మా ఆవిడ దీన్ని ‘పప్పు, దాని అనుబంధ సంస్థలు’ అంటుంది. సంగీతంలో బాణీలున్నట్టు నాది కుక్కర్ బాణీ అని నేను సమర్థించుకుంటాను.

అయితే తాలింపు దగ్గర మాత్రం ఎవరి మాటా వినను. మా అమ్మ నాటి ఇనప గరిటె ఉంది. అందులో నూనె పోసి నేరుగా మంట మీదే పట్టుకుంటాను. ఆవాలు చిటపటమన్నాక జీలకర్ర, పొట్టుతోనే చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, తుంచిన ఎండుమిర్చి. మిర్చి ఎరుపు నుంచి ముదురు గోధుమకి తిరిగే ఒక్క క్షణం ఉంటుంది. అప్పుడు కరివేపాకు దూసేసి గరిటెని అలాగే పప్పులో ముంచి మూత పెట్టాలి. చుయ్యిమంటుంది. ఎదురు ఫ్లాట్ కుర్రాడు తుమ్ముతాడు. ఒక తుమ్మయితే సరిగ్గా ఉన్నట్టు, రెండయితే మిర్చి మాడినట్టు. పదేళ్ళుగా నా కొలత అదే. వాడు వచ్చే ఏడు ఇంజనీరింగుకి హాస్టల్లో చేరతాడట. ఆ తర్వాత నా వంట ఏమవుతుందో తెలీదు.

నాలుగు ఉంచి 57 తీసెయ్యాలని కమిషన్ సిఫారసు చేసింది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్ళ దగ్గరికి ఒక సంచీ మోసుకెళ్ళాను. ఆరు అమ్మి మూడు కొనుక్కొచ్చాను. మా ఆవిడ ఏమీ అనకుండా పాత పేపర్లతన్ని పిలిచింది.

అతను కాటా కొక్కేనికి కట్ట తగిలించి చూశాడు. “నున్నటి కాయితం సార్, కిలకు పది. న్యూస్ పేపరైతే పద్నాలుగు ఇస్తుంటి.” మొత్తం 23 కిలోలు తూగింది. కట్టలు కడుతూ కడుతూ ఒక దాన్ని తెరిచి, జీడిపప్పు చల్లిన పనీరు బొమ్మ వంక కాసేపు చూశాడు.

“ఇండ్ల బోటీ ఉన్నదా సార్?”

“లేదన్నా. వెతికాను.”

“ఇంత కాయితంల బోటీ లేదా!” అని నవ్వి, వాళ్ళమ్మ ఎలా వండేదో చెప్పడం మొదలుపెట్టాడు. నేను లోపలికి పరుగెత్తి, పొయ్యి కట్టేసి మా ఆవిడ డైరీ తెచ్చాను. వేణ్ణీళ్ళల్లో పసుపేసి, నీళ్ళు తేటపడేదాకా కడగాలి. లోపలి వైపు గీకాలి. ముందు ఉత్తగా ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబొయ్యాలి. ఉల్లిగడ్డ బాగా మగ్గినాకే అల్లం వెల్లుల్లి. చివర్లో చింతచిగురు గుప్పెడు. ఎవరి గుప్పెడని నేను అడగలేదు.

230 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి, మూటలెత్తుకుని మెట్లు దిగాడు. సగం దిగి మళ్ళీ తలెత్తి, “సార్, కొబ్బరి పొడి మాత్రం ఎయ్యకుండ్రి, ఖరాబైతది” అని అరిచాడు.

అది కూడా రాసుకున్నాను. తాలింపు మధ్యలో వదిలేసి వచ్చిన చెయ్యి, కడుక్కున్నట్టు లేను. పేజీ అంచున పసుపు వేలిముద్ర పడింది.