పగులు మీద పెన్సిల్ గీత

చింతలపాలెం దిక్కు ఒక ఊరు. 2020 జనవరి 26 తెల్లారకముందే పులిచింతల చుట్టుపక్కల 4.6 తీవ్రతతో భూమి కదిలితే, మామ ఇంటి గోడకు పగులు పడ్డది. దాని చివర ఆయన పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసి పెట్టిండు. మేనల్లుడు హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ ఇంజినీరు. 2047 కల్లా లక్ష మెగావాట్ల అణు కరెంటు అని టీవీల చెప్పంగనే ఇద్దరి నడుమ వాదన మొదలైంది.

మామ: నా గోడకే దిక్కు లేదు, ఆ రియాక్టర్లకు ఎవడిస్తడురా గ్యారంటీ? ఎంత భూకంపం దాక ఆగుతయి? ఆరా, ఏడా?

అల్లుడు: అందరూ పొరపడేది గక్కడనే మామా. 2024 డిసెంబర్ 4న ములుగుకాడ 5.3 వచ్చె గదా. శక్తిల మనదానికి పది రెట్ల పైనే. నీ పగులు పెరిగిందా?

మామ: (గోడ దగ్గరికి పోయి, వేలితో తడిమి) లే. గీతకాన్నే ఆగింది. మంచం జెర ఊగె, గంతే.

అల్లుడు: ఎందుకంటే అది నూటయాభై కిలోమీటర్లకు పైనే దూరం. రిక్టర్ అంకె భూమి లోపల పుట్టిన శక్తిది. ప్లాంటు కట్టేది పునాది కింద నేల ఎంత జోరుగ ఊగుతదనే లెక్కకు. దాన్ని గాల్స్‌ల కొలుస్తరు. 980 గాల్స్ అంటే భూమి మనల్ని కిందికి గుంజేటంత.

మామ: గా లెక్క ఎన్నడూ తప్పలేదా?

అల్లుడు: (నీళ్లు నమిలి) తప్పింది. జపాన్ల కాషివాజాకి-కరివా అణు ప్లాంటు, 2007 జులై 16 భూకంపం. ఒకటో యూనిట్ అడుగున 273 గాల్స్ అనుకుంటే 680 వచ్చింది.

మామ: రెండింతలు దాటింది! గిట్ల కొలిచే మేస్త్రిని మళ్ల పనికి పిలుస్తమా?

అల్లుడు: నడుస్తున్న రియాక్టర్లన్నీ వాటంతటవే ఆగినయి గదా! ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కాలింది, రియాక్టర్ పగల్లే. అమెరికాల నార్త్ అన్నా ప్లాంటు కూడ 2011 ఆగస్టు భూకంపంల డిజైన్ హద్దు దాటి ఊగింది. వాడిన ఇంధనం పెట్టిన నూట పదిహేను టన్నుల పీపాలు 27ల 25 జరిగినయి, నాలుగున్నర అంగుళాల దాక. ఒక్కటి కారలే. డిజైన్ హద్దంటే విరిగే హద్దు కాదు.

మామ: హద్దు మీద మిగులు బలం ఉండె, ఒప్పుకుంట. అది ఎంతుందో ముందే తెలుసా, గండం గడిచినంక తెలిసిందా? దక్కన్ గట్టి రాయి, ఏం కాదనే అనుకుంటిమి. 1993ల మహారాష్ట్ర కిల్లారి భూకంపంల ఏమాయె?

అల్లుడు: అందుకే పాత ప్లాంట్లను కూడ కొత్త లెక్కతోని మళ్ల చూడాలంటరు.

మామ: సరే, ఆగినయంటివి. కట్టెలు గుంజంగనే పొయ్యిల నిప్పులు చల్లారుతయా?

అల్లుడు: చల్లారయి. ఆపినంక కూడ వేడి పుడ్తనే ఉంటది, నీళ్లు తిరుగుతనే ఉండాలె. 2011ల జపాన్ ఫుకుషిమా ప్లాంటుల భూకంపం ఊపుకే బయటి కరెంటు పోయింది. డీజిల్ జనరేటర్లు అందుకున్నయి. ఓ యాభై నిమిషాలకు సునామీ వచ్చి వాటిని ముంచింది.

మామ: అంటే రియాక్టర్ గోడొక్కటే గట్టిగుంటే సాలదు. తీగ, మోటరు, డీజిలు, అన్నీ నిలవాలె.

అల్లుడు: (ఈ మాట మా ఆఫీసుల ఎవడన్నా ఇంత తేలిగ్గా చెప్తే బాగుండు అనుకుంట) అవ్. అన్నీ.

మామ: నేను గీత పెట్టి తేదీ రాసిన. ఎవడొచ్చినా చూపిస్త. వాళ్ల కొలతలు పక్కూరోనికి చూపిస్తరా?

అల్లుడు: కొలిచే మిషన్లయితే ఉంటయి మామా.

మామ: నేనడిగింది మిషన్ల సంగతి కాదు.